పరిగె బండి నుంచి చీట్ల పాట దాకా: సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు కేస్ స్టడీ

మా నాయనమ్మకి ఒక పట్టింపు ఉండేది. వరి కోతలైపోయి పనలు ఎత్తేశాక, పరిగె ఏరుకోవడానికి వచ్చేవాళ్లని చేలోంచి తోలెయ్యకూడదు. "కల్లానికి చేరిందే మనది, చేలో రాలింది వాళ్లది" అనేది. ఏరుకునేవాళ్ల వెనకాల నిలబడి చూడటం కూడా తప్పే ఆవిడ లెక్కలో. అమెరికాలో ఒక ఫుడ్ బ్యాంకు గిడ్డంగిలో పన్నెండేళ్లుగా సరుకు దించుకునే విభాగంలో పనిచేస్తున్నాను. ఈ రంగం ఎలా పుట్టిందో ఆలస్యంగా చదివాను. అదీ పరిగె దగ్గరే మొదలైందని తెలిసి నవ్వొచ్చింది. కాకపోతే అక్కడ రాలింది వడ్లు కాదు, నారింజలూ గ్రేప్‌ఫ్రూట్‌లూ.

ఈ కేస్ స్టడీ అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లోని సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు గురించి. 1967లో మొదలైంది. ప్రపంచంలో మొట్టమొదటి ఫుడ్ బ్యాంకుగా దానికి పేరు. నేను పనిచేసేది అక్కడ కాదు, వేరే రాష్ట్రంలో. కానీ మేం రోజూ చేసే పని ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతే అక్కడికే చేరతాం. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఫంక్షన్లలో మిగిలిన అన్నం పంచే కుర్రాళ్లు కొందరు ఫోన్ చేసి "అక్కా, మేమూ ఫుడ్ బ్యాంకు పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేబదులు ఒకసారి రాసి పెడితే లింకు పంపించొచ్చు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మనకి ఆకలి తీర్చడమంటే వెంటనే గుర్తొచ్చేది డొక్కా సీతమ్మ గారు. వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా పొయ్యి వెలిగించి వడ్డించడం. అది అన్నదానం. ఫుడ్ బ్యాంకు స్వభావం వేరు. అది ఒకరకంగా డబ్బు తీసుకోని హోల్‌సేల్ కొట్టు. సరుకుని టన్నుల లెక్కన దించుకుని, మంచిదీ చెడ్డదీ వేరుచేసి, చర్చీలకీ బడులకీ ఆశ్రమాలకీ, పేటల్లో ఉండే చిన్న చిన్న పాంట్రీలకీ ఇస్తుంది. ఇంటికి పట్టుకెళ్లే సంచి చేతికిచ్చేది ఎక్కువగా ఆ పాంట్రీ. సెయింట్ మేరీస్ నేరుగా కూడా అత్యవసర పెట్టెలు ఇస్తుంది గానీ, దాని అసలు బలం వెనకాల ఉన్న గిడ్డంగిలో ఉంది. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా గందరగోళంగా అనిపిస్తుంది.

ఆలోచన ఆమెది, బండి ఆయనది

జాన్ వాన్ హెంగెల్ 1923లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టారు. చదువుకున్న మనిషి, కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసి బాగానే బతికారు. తర్వాత పెళ్లి పెటాకులైంది. సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి క్వారీలో పనికి కుదిరారు. ఎవరో కొట్టుకుంటుంటే విడదీయబోయి తానే దెబ్బలు తిని, వెన్ను దెబ్బతిని, ఆపరేషన్ల పాలయ్యారు. పొడి వాతావరణంలో కోలుకోవచ్చని ఫీనిక్స్ చేరారు. ఈత కొలనులో లైఫ్‌గార్డుగా పనిచేస్తూ, సెయింట్ విన్సెంట్ డి పాల్ అనే క్యాథలిక్ సేవాసంస్థ వాళ్ల భోజనశాలలో ఉచితంగా సాయం చేసేవారు. అప్పటికి నలభై దాటాయి. జీవితంలో గెలిచిన మనిషి అని ఎవరూ అనుకోని వయసు అది.

ఫీనిక్స్‌లో చలికాలం వస్తే నిమ్మజాతి చెట్లు విరగకాస్తాయి. తోటల్లోనే కాదు, ఇళ్ల పెరళ్లలో కూడా. కోసుకునే ఓపిక లేక చాలా పండు చెట్టునే ఉండిపోతుంది, లేదంటే కిందపడి కుళ్లిపోతుంది. వాన్ హెంగెల్ ఇంటివాళ్లని అడిగి ఆ పండ్లు కోయించి, ఒక పాత పాల బండి కొని, దాంట్లో వేసుకుని భోజనశాలకి తెచ్చేవారు. కొన్నాళ్లకి ఆ ఒక్క వంటశాలకి పట్టనంత సరుకు పోగైంది. మిగిలింది ఊళ్లోని వేరే ఆశ్రమాలకి ఇచ్చారు. ఇక్కడిదాకా ఇది మంచిమనసున్న మనిషి కథ. ఇలాంటివాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఒకరైనా ఉంటారు. ఆ మనిషి మంచం పడితే బండి కూడా ఆగిపోతుంది.

దాన్ని సంస్థగా మార్చింది ఒక తల్లి మాట. ఆమెకి పదిమంది పిల్లలు, భర్త జైల్లో. పిల్లల్ని ఎలా సాకుతున్నావమ్మా అని అడిగితే, సూపర్‌మార్కెట్ వెనకాల చెత్తడబ్బాల్లో బోలెడు మంచి తిండి దొరుకుతుంది, ఆ దిగుల్లేదు అన్నది. వాన్ హెంగెల్ నమ్మలేక వెళ్లి చూశారు. గడ్డకట్టి ఇంకా కరగని ఫ్రోజెన్ ప్యాకెట్లు, విడి క్యారెట్లు, ఒకరోజు పాత రొట్టెలు. ఆమె ఇంకో మాట కూడా అన్నది: జనం డబ్బు దాచుకోవడానికి బ్యాంకు ఉన్నట్టు, ఇలా పారేసే తిండిని దాచిపెట్టి, కావలసినవాళ్లు తీసుకునే చోటు ఒకటుంటే బాగుండును.

ఫుడ్ బ్యాంకు అనే పేరు అక్కణ్ణుంచి వచ్చింది. నేను చదివిన ఏ కథనంలోనూ ఆమె పేరు లేదు. ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. తీసుకోవాల్సిన మనిషే దీన్ని డిజైన్ చేసింది. ఇచ్చేవాడు కాదు, సంస్థ కాదు. ఈ కేసులో తర్వాత ఎక్కడెక్కడ పని గాడి తప్పిందో చూస్తే, ప్రతిసారీ ఇచ్చేవాడి మాట గట్టిగా వినబడి తీసుకునేవాడి మాట వినబడకుండా పోయినప్పుడే.

వాన్ హెంగెల్ సెయింట్ మేరీస్ బసిలికాలోని ఫ్రాన్సిస్కన్ పాదర్లని అడిగారు. వాళ్లు 3,000 డాలర్లూ, వాడకుండా పడి ఉన్న ఒక పాత బేకరీ భవనమూ ఇచ్చారు. చర్చి మీద కృతజ్ఞతతో సంస్థకి ఆ పేరే పెట్టారు. మొదటి ఏడాదిలో పంచింది రెండున్నర లక్షల పౌండ్లకు పైగానే, అంటే 110 టన్నులు దాటింది. తీసుకున్నవి 36 సేవాసంస్థలు. నాకు ఆ టన్నుల కన్నా ఈ 36 అన్న సంఖ్యే ముఖ్యం. మొదటి ఏడాదే ఆయన "నేనే పెడతాను" అనుకోకుండా, పెట్టేవాళ్లకి సరుకు అందించే పనిలో స్థిరపడ్డారన్నమాట.

ఆయన చాలా ఏళ్లు జీతం తీసుకోలేదు, దానంగా వచ్చిన పాత బట్టలు వేసుకున్నారు అని అందరూ భక్తిగా చెప్పుకుంటారు. నాకూ గౌరవమే. కానీ దీన్ని ఆదర్శంగా పెట్టుకోమని ఎవరికీ చెప్పను. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి జీతం ఇవ్వకపోతే రెండో నెల రాడు. త్యాగంతో మొదలుపెట్టొచ్చు, జీతాల పట్టిక లేకుండా యాభై ఏళ్లు నడపలేం.

సొట్ట డబ్బా

సూపర్‌మార్కెట్ మంచి తిండి ఎందుకు పారేస్తుందో సరుకు దించే డాక్ మీద ఒక్కరోజు నిలబడితే అర్థమవుతుంది. మా దగ్గరికి మనిషి దూరగలిగినంత పెద్ద అట్టపెట్టెల్లో కలగాపులగంగా వస్తుంది సరుకు. సొట్టపడ్డ డబ్బాలు, లేబుల్ తిరగబడి అతికిన సీసాలు, పండగ బొమ్మ ఉన్నందుకు పండగ మర్నాటి నుంచి అమ్ముడుపోని బిస్కెట్లు, తేదీ దగ్గరపడ్డ రొట్టెలు.

వాలంటీర్లకి మొదట నేర్పేది డబ్బా పట్టుకోవడం. పక్కన సొట్ట ఉంటే పరవాలేదు. పైన, కింద మూత అంచు మీద సొట్ట ఉంటే వద్దు, అక్కడ అతుకు విడిపోయి లోపలికి గాలి చేరి ఉండొచ్చు. మూత ఉబ్బితే పారెయ్యడమే కాదు, చేతులు కూడా కడుక్కోవాలి. తుప్పుని బొటనవేలితో రుద్దు, పోతే ఉంచు, పోకపోతే పారెయ్. పసిపిల్లల పాలపొడికి తేదీ దాటితే ఇక మాట్లాడేది లేదు, అవతల పెట్టడమే. మిగతా చాలా వాటి మీద ఉండే "బెస్ట్ బై" తేదీ రుచి గురించి, ప్రమాదం గురించి కాదు. రిటైరైన ఒక టీచరమ్మ మా దగ్గర డబ్బా తీసుకుని, చుట్టూ తిప్పి, రెండు మూతల మీదా వేలు పోనిచ్చి, కుడికో ఎడమకో వేసేవారు. రెండు సెకన్లు. మార్కెట్లో మా అమ్మ బెండకాయ చివర విరిచి చూసినంత సులువుగా.

1967లో ఈ నియమాలేవీ లేవు. దుకాణాల వాళ్లకి ఒక్కటే భయం: తిన్నవాడికి ఏదైనా అయితే కేసు మన మీద పడుతుంది. చెత్తలో పడేస్తే ఏ గొడవా లేదు. వాన్ హెంగెల్ ఒక్కొక్క మేనేజరునీ కలిసి ఒప్పించుకుంటూ పోయారు. ఆ భయాన్ని చట్టం తీర్చడానికి చాలా కాలం పట్టింది. 1976లో పన్నుల చట్టం మారి, సరుకు దానం చేసే కంపెనీలకి మినహాయింపు పెరిగింది. రాష్ట్రాలు ఒక్కొక్కటే దాతలకి రక్షణ ఇచ్చే చట్టాలు తెచ్చుకున్నాయి, మొదటిది కాలిఫోర్నియా. దేశమంతటికీ ఒకే రక్షణ 1996లో బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టంతో వచ్చింది. మంచి నమ్మకంతో ఇచ్చిన తిండి వల్ల ఏదైనా జరిగితే, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప దాత మీద బాధ్యత పడదు. బేకరీ భవనం నుంచి ఈ చట్టం దాకా 29 ఏళ్లు. మన కుర్రాళ్లకి ఈ అంకె గుర్తుండాలి.

పాకడం

1975 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం నుంచి గ్రాంటు వచ్చింది. మిగతా ఊళ్లలో కూడా ఇలాంటివి పెట్టించమని. అలా పుట్టిన సంస్థ సెకండ్ హార్వెస్ట్, అంటే రెండో కోత. మళ్లీ పరిగె మాటే. అది 1979లో సెయింట్ మేరీస్ నుంచి విడిపోయి సొంతంగా నమోదైంది, 2008లో ఫీడింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది. ఇప్పుడు దాని కింద దాదాపు 200 ప్రాంతీయ ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి. కెనడాలో మొదటిది 1981లో ఎడ్మంటన్‌లో, ఫ్రాన్సులో 1984లో. వాన్ హెంగెల్ తర్వాతి సంవత్సరాల్లో దేశదేశాల వాళ్లకి సలహాలిస్తూ గడిపి, 2005లో ఫీనిక్స్‌లోనే పోయారు. సెయింట్ మేరీస్ మాత్రం తన ప్రాంతం తను చూసుకుంటూ ఉండిపోయింది. అరిజోనాలోని 15 కౌంటీల్లో 9 దాని కిందికి వస్తాయి. దేశవ్యాప్త సంస్థని కని, దాన్ని పంపించేసి, మళ్లీ తన పాంట్రీల లారీల టైమింగులు చూసుకోవడానికి కూర్చుంది. పెద్దదైపోవాలన్న ఆరాటం లేకపోవడం ఈ కేసులో నాకు బాగా నచ్చిన విషయం.

ఈ మధ్యలో ఒక జున్ను కథ ఉంది, మన జున్ను కాదు, చీజ్. పాల ధర పడిపోకుండా అమెరికా ప్రభుత్వం కొని దాచిన జున్ను గోదాముల్లో పేరుకుపోయింది. 1981 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ 3 కోట్ల పౌండ్ల జున్ను పేదలకి పంచమన్నారు. పంచడానికి చేతిలో ఉన్న యంత్రాంగం ఫుడ్ బ్యాంకులే. 1983లో దాన్ని పథకంగా మార్చి పేరులో "తాత్కాలిక" అని పెట్టారు. 1990లో ఆ మాట తీసేశారు. పథకం ఇంకా నడుస్తోంది. మన ఊళ్లో బడి వెనక వేసిన తాత్కాలిక రేకుల షెడ్డులో మనవలు కూడా చదువుకున్నట్టు.

నా పెరుగు లారీ

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి భాగం అర్థం కాదు.

నాలుగో ఏడాదిలో అనుకుంటా, మే నెలాఖరు, సోమవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి ఒక పెద్ద దాత నుంచి ఫోను: 22 పాలెట్ల (సరుకు పేర్చే చెక్క బల్లల) పెరుగు, తేదీ ఇంకా తొమ్మిది రోజులుంది, కావాలా? పాంట్రీల వాళ్లు అప్పటికి రెండు వారాలుగా గుడ్లు అడుగుతున్నారు. పెరుగు అడిగినవాళ్లు లేరు. కానీ వద్దంటే ఇంకోసారి పిలవరేమోనని టెన్షన్. సరే అన్నాను. లారీ ఆరింటికి వచ్చింది. తలుపు తీసి థర్మామీటరు గుచ్చితే 4 డిగ్రీలు, మా హద్దు 5. వద్దనడానికి ఆ వంక కూడా దొరకలేదు. దించాం. కూలర్‌లో, అంటే చల్లటి గదిలో, చోటు కోసం క్యాబేజీలు బయట పెట్టాం.

శని, ఆదివారాలు సగం పాంట్రీలు మూత. సోమవారం సెలవు. మంగళవారం నుంచి బతిమాలి బతిమాలి ఎనిమిది పాలెట్లు పంపాను. మిగతా 14 తేదీ దాటాక చెత్త లారీ ఎక్కాయి, ఆ చెత్తకి డబ్బు కట్టింది మేమే. బయట పెట్టిన క్యాబేజీ కూడా పోయింది. పాంట్రీ నడిపే ఒక పెద్దావిడ ఫోన్లో తిట్టలేదు, అరవలేదు. "మేం గుడ్లు అడిగాం కదమ్మా" అన్నారంతే. దాత ఏడాది నివేదికలో మాత్రం 22 పాలెట్లూ పేదలకి చేరినట్టే ఉంటాయి. పౌండ్ల లెక్కలో అది విజయమే. మా రంగంలో 1.2 పౌండ్లంటే ఒక పూట భోజనం అని లెక్కగడతాం. ఆ లెక్కన నేను కొన్ని వేల భోజనాలు చెత్తకుండీకి వడ్డించాను.

అప్పుడు తెలిసింది, నాలాంటి తప్పునే దేశవ్యాప్త సంస్థ ఏళ్ల తరబడి లారీల్లెక్కన చేసిందని.

చీట్ల పాట

జాతీయ సంస్థకి పెద్ద కంపెనీల నుంచి లోడ్లు వస్తాయి. 2005 వరకూ వాటిని వరసలో పంచేవారు. ఏ ప్రాంతంలో పేదలెక్కువో లెక్క చూసి, వంతు వచ్చిన ఫుడ్ బ్యాంకుకి ఫోన్ చేసి "ఇదిగో లోడు, కావాలా" అనేవారు. కొన్ని గంటల్లో చెప్పాలి. రవాణా ఖర్చు తీసుకునేవాళ్లది. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ తీసుకునేవాడి దగ్గర ఇప్పటికే ఏముందో జాతీయ సంస్థకి తెలియదు. అందుకే బంగాళాదుంపలకి పేరుపడ్డ ఐడహో రాష్ట్రానికి బంగాళాదుంపలు పంపిన సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. గుంటూరుకి మిరపకాయలు పంపినట్టు.

షికాగో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లు కొందరూ, ఫుడ్ బ్యాంకులు నడిపేవాళ్లు కొందరూ కూర్చుని కొత్త పద్ధతి ఆలోచించారు. ఆర్థికశాస్త్రవేత్త కనీస్ ప్రెండర్‌గాస్ట్ దాని గురించి వివరంగా రాశారు. వేలం పెడదామన్నారు. పశ్చిమ మిషిగన్‌లో ఫుడ్ బ్యాంకు నడిపే జాన్ ఆర్నాల్డ్, తాను సోషలిస్టునని, మార్కెట్ల మీద నమ్మకం లేకే ఈ పనిలో ఉన్నానని ముఖానే చెప్పారట. నేనా గదిలో ఉంటే ఆయన పక్కనే కూర్చునేదాన్ని.

కానీ ఆ వేలం డబ్బుతో కాదు. "షేర్లు" అనే ఉత్తుత్తి కరెన్సీ. ఎక్కువ పేదలున్న ప్రాంతానికి ఎక్కువ షేర్లు. రోజుకి రెండుసార్లు పాట. ఎవరికి ఏది కావాలో దానికి పాడుకుంటారు. రాత్రయ్యేసరికి ఆ రోజు ఖర్చయిన షేర్లన్నీ మళ్లీ అందరికీ అవసరాన్నిబట్టి పంచేస్తారు. చిట్‌ఫండ్ తెలిసిన తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పాట పాడినవాడు వదులుకున్నది మిగతా సభ్యులకి పంచినట్టే. అక్కడివాళ్లకి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాల్సొచ్చిందేమో గానీ, మా అమ్మకి ఫోన్లో రెండు నిమిషాల్లో అర్థమైంది. "కేటుగాళ్లు లేని చీటీ అన్నమాట" అంది.

పాట మొదలయ్యాక బయటపడిన సంగతి ఆసక్తిగా ఉంది. జాతీయ సంస్థ లెక్కలో పౌండు అంటే పౌండే, ఏదైనా ఒకటే. పాటలో అలా కాదు. పాస్తా, బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ లాంటి నిలవ సరుకు ధర ఆకాశానికెక్కింది. కాయగూరలు దాదాపు ఊరికే పోయాయి. వద్దనిపించే లోడుకి ధర సున్నా కిందికి కూడా దిగొచ్చు, అంటే తీసుకున్నవాళ్లకే ఎదురు షేర్లు. డబ్బున్న ఊళ్ల ఫుడ్ బ్యాంకులకి స్థానికంగానే మామూలు సరుకు దొరుకుతుంది కాబట్టి అవి అరుదైన ఖరీదు లోడ్లకి షేర్లు ఖర్చుపెట్టాయి. పేద ప్రాంతాలవి చవకైనవి తీసుకుని మొత్తం బరువులో ఎక్కువ పట్టుకెళ్లాయి. పెద్దవాడు చిన్నవాడి మీద ఎక్కేస్తాడన్న భయం అలా తీరింది. చిన్నవాళ్లకి షేర్లు అప్పు తీసుకునే వీలు కూడా పెట్టారు.

నా వరకూ ఇది 1967 నాటి ఆ తల్లి మాటకి తిరిగి రావడమే. ఏం కావాలో తీసుకునేవాడినే అడిగారు. అడగడానికి 38 ఏళ్లు పట్టింది, అది వేరే సంగతి.

తలుపు దగ్గర జనం

2020 మార్చిలో కరోనా వచ్చి ఈ ఏర్పాటు అంతా ఒకేసారి బెడిసికొట్టింది. క్యూలు రెట్టింపవడం ఒకటి. ఇంకోవైపు సూపర్‌మార్కెట్లలో అరలే ఖాళీ, మిగిలితే కదా దానం ఇవ్వడానికి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ వాలంటీర్లు. డబ్బాలు ఏరే చేతుల్లో చాలావరకు అరవై దాటినవి, వాళ్లే ఇంట్లోంచి కదలకూడనివాళ్లు. అరిజోనాలో గవర్నరు నేషనల్ గార్డుని దించారు. సైనికులు సెయింట్ మేరీస్ గిడ్డంగిలో పెట్టెలు కట్టారు. పంపిణీ కార్ల డిక్కీలోకి మారిపోయింది: దిగొద్దు, డిక్కీ తెరువు, పెట్టె పెడతాం, వెళ్లిపో. వేగం పెరిగింది, ఎన్నుకునే వీలు పోయింది. ఏం పెట్టామో అదే. అది తప్పనిసరి కాబట్టి చేశాం, కానీ ఆ పద్ధతి సులువని చాలా పాంట్రీలు ఏళ్ల తర్వాత కూడా వదల్లేదు. దీని మీద మా సమావేశాల్లో ఇప్పటికీ గొడవే.

ఈ రంగాన్ని విమర్శించేవాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. కంపెనీలు చెత్త ఖర్చు తగ్గించుకుని పేరు కొట్టేస్తాయి. చక్కెర నీళ్లూ చిప్సూ పేదవాడి ఇంటికి చేరతాయి. ఒక లెక్క మాత్రం ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. అమెరికాలో స్నాప్ అని ప్రభుత్వ పథకం ఉంది, మన రేషన్ కార్డు లాంటిదే, బియ్యానికి బదులు కార్డులో డబ్బు పడుతుంది. ఫీడింగ్ అమెరికా చెప్పే లెక్క ప్రకారం, ఫుడ్ బ్యాంకులన్నీ కలిసి ఒక భోజనం పెడితే స్నాప్ తొమ్మిది పెడుతుంది. 2025 చివర్లో బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడి స్నాప్ డబ్బు ఆగినప్పుడు ఆ తొమ్మిది వచ్చి ఒకటి మీద పడ్డాయి. ఫుడ్ బ్యాంకు ఎంత గొప్పగా నడిచినా ఆ తేడా పూడ్చలేదు. ఏ ఫుడ్ బ్యాంకు డైరెక్టరు అయినా పూడుస్తానంటే, వాళ్ల లారీల సంఖ్య అడగండి.

మన కుర్రాళ్ల ప్రశ్నకి

మన దగ్గర మిగిలేది ఎక్కువగా వండిన అన్నం. రాత్రి పదకొండున్నరకి ఫంక్షన్ హాలు నుంచి ఫోను, రెండు గిన్నెల బిర్యానీ, ఒక గిన్నె పప్పు. అది బ్యాంకు పని కాదు, అన్నాన్ని బ్యాంకులో వేయలేం. అది కొరియర్ పని. వేడి పోకుండా, పులిసిపోకుండా గంటల్లో చేర్చాలి. మంచి పనే, కానీ దానికి కావలసింది గిడ్డంగి కాదు, బండీ, గిన్నెలూ, రాత్రి మేలుకునే మనుషులూ. మిగులు తిండి సేకరణకి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది. ముందు అవి చదవండి. ఏది ఎప్పుడు వండారో, ఎప్పుడు తీసుకున్నారో రాసిపెట్టుకోవడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి.

బ్యాంకే కావాలంటే నిలవ ఉండే సరుకు వైపు చూడాలి. పంపిణీదారుల గోదాములు, ప్యాకెట్ చిరిగిందని వెనక్కొచ్చిన పప్పులు, మార్కెట్ యార్డులు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకి దాదాపు 10 టన్నుల చెత్తతో కరెంటు తయారుచేస్తున్నారు. చాలా మంచి పని. నా బుర్రలో తిరిగే ప్రశ్న ఒక్కటే: ఆ 10 టన్నుల్లో మూడు గంటల ముందు వరకూ కూర అయినది ఎంత? దానికి సమాధానం ఆఫీసులో దొరకదు. సాయంత్రం వెళ్లి, అక్కడ ఏరుకుంటున్న ఆడవాళ్లని అడగాలి. ఏది తీసుకుంటారు, ఏది వదిలేస్తారు, ఎందుకు. ఫీనిక్స్‌లో చెత్తడబ్బా దగ్గర దొరికిన సమాధానం లాంటిదే ఇక్కడా దొరకొచ్చు.

మా కింద ఒక కాలేజీ పాంట్రీ ఉంది. ప్రభుత్వ కోటాలో వచ్చే పచ్చ బఠాణీ బద్దలు అక్కడ ఎవరూ తీసుకునేవాళ్లు కాదు, పెట్టెలు దుమ్ము పట్టి ఉండేవి. పోయిన సెప్టెంబరులో సరుకు లెక్క చూడటానికి వెళ్లినప్పుడు ఒక తెలుగు అబ్బాయి తలుపు దగ్గర లోపలికి రావాలా వద్దా అని నిలబడ్డాడు. తెలుగులో పలకరించేసరికి ఇంకా ఇబ్బంది పడ్డాడు. కాసేపటికి, "అక్కా, కందిపప్పు లాంటిది ఏమైనా ఉంటుందా?" అన్నాడు. బద్దలు చూపించాను. ప్యాకెట్ పైకెత్తి వెలుగులో చూసి, "కుక్కర్లో ఇంకో రెండు విజిల్స్ పెడితే ఉడుకుతాయి, టమాటా డబ్బా కూడా ఉంది కదా, పప్పు అయిపోద్ది" అన్నాడు. నాలుగు ప్యాకెట్లు తీసుకున్నాడు. వారం తిరిగేసరికి పాంట్రీ నడిపే అమ్మాయి ఫోన్ చేసింది, బద్దలన్నీ అయిపోయాయి, ఎవరో పొడుగబ్బాయి కుర్రాళ్లందర్నీ పంపిస్తున్నాడు, ఇంకా ఉన్నాయా అని. గిడ్డంగిలో 11 పెట్టెలున్నాయి. అన్నీ పంపేశాను.